చెంగల్రాయుడి చన్నీళ్ళ తొట్టి

పుంగనూరు బస్టాండు వెనక బాడుగ సైకిళ్ళ అంగడి నడిపే చెంగల్రాయుడికి ఈ లోకంలో ఒకటే పట్టుదల. సైకిలు తొక్కి అలసిపోయి వచ్చిన మనిషిని చన్నీళ్ళలో కూర్చోబెట్టాలి. ఆ మనిషి తనకు తెలిసినవాడా, కూర్చోవడానికి ఒప్పుకున్నాడా అన్నవి ఆయనకు పట్టని సంగతులు. ఎవరైనా సైకిలు దిగి ఉస్సురని మోకాలు పట్టుకుంటే చాలు, నడివేసవిలో కూడా తీయని మఫ్లరు సర్దుకుంటూ అంగట్లోంచి బయటికి వచ్చేవాడు. వచ్చి, "కాళ్ళు లాగతాండాయా?" అని అడిగేవాడు. "అవునన్నా" అన్నవాడు తొట్టిలో తేలేవాడు. "లేదన్నా" అన్నవాడు కూడా తొట్టిలోనే తేలేవాడు. ఎందుకంటే చెంగల్రాయుడి వైద్యంలో, కాళ్ళు లాగడం లేదనేవాడికి రోగం ముదిరినట్టు లెక్క.

ఆ తొట్టి అసలు మనుషుల కోసం కట్టింది కాదు. పూర్వం ఎవరో పశువులు నీళ్ళు తాగడానికి కట్టించారు. పుంగనూరు ఆవులు పొట్టివి కదా, తొట్టి కూడా వాటి కొలతకే పొట్టిగా, వెడల్పుగా ఉండేది. మనిషి కాళ్ళు చాపుకుని కూర్చుంటే నీళ్ళు సరిగ్గా నడుముకు తగిలేవి. మరొకడైతే అందులో ట్యూబులు ముంచి పంక్చర్లు చూసుకునేవాడు. చెంగల్రాయుడు ట్యూబులకు ఒక ఇనప బొచ్చె పెట్టుకుని, తొట్టిని కాళ్ళకు వదిలేశాడు. చేదబావి నీళ్ళు తెల్లవారకముందే తోడి నింపేవాడు. పైన తాటాకుల పందిరి వేసి ఎండ తగలకుండా కాపాడేవాడు. కొత్త పెళ్ళికూతుర్ని కూడా ఎవరూ అంత జాగ్రత్తగా చూసుకోరు.

"కొలిమిలో కాగిన ఇనుమును కమ్మరోడు యాడ పెడతాడు? నీళ్ళలో పెడతాడు. ఎండన పడొచ్చిన ఎనుము యాడికి పోతాది? కుంటలోకి పోతాది. మనిషి మాత్రం పోయి అరుగు మీద కూసుంటాడు. ఇప్పుడు సెప్పు, తెలివి ఎవురికుండాది?" అనేవాడు.

ఎనుముకే ఉందని ఒప్పుకునేదాకా వదిలేవాడు కాదు.

కుప్పం మనిషి వెంకటేశులు ఈయన చేతికి చిక్కింది డెబ్బై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో. వెంకటేశులుది సైకిలు ప్రదర్శన. ఊరి మధ్య ఖాళీ స్థలంలో గుంజలు పాతి, చుట్టూ తాడు లాగి, రంగుకాగితాలు కట్టి, మైకులో పాటలు మోగుతుండగా, రాత్రింబగళ్ళు సైకిలు దిగకుండా గుండ్రంగా తొక్కడమే ఆట. తిండి సైకిలు మీదే. గడ్డం గీసుకోవడం సైకిలు మీదే. చెంబుతో స్నానం కూడా దాని మీదే. వారం పాటు అలా తొక్కితే, మెచ్చినవాళ్ళు చొక్కాకు నోట్లు గుచ్చేవాళ్ళు. తొక్కుతున్నంత సేపూ వెంకటేశులుకు ఏ బాధా ఉండేది కాదు. కష్టమంతా దిగిన తర్వాతే. తన కాళ్ళు ఎవరో తీసుకుపోయి, వాటి స్థానంలో రెండు రోకళ్ళు తగిలించి పోయినట్టుండేది. కుప్పం చేరాక, తిరిగి మనిషిలా నడిచేదాకా భార్య గంగులమ్మే పట్టుకుని నడిపించేది. "ఊరూరా సైకిలు తొక్కేది నువ్వు, ఇంట్లో నిన్ను తొక్కుకుంటూ తిరిగేది నేను" అనేది.

పుంగనూరులో ఆట మొదలైన మూడో రోజు మధ్యాహ్నం, ఒక చేత బకెట్టు, ఒక చేత ముంత పట్టుకుని చెంగల్రాయుడు తాడు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"కాళ్ళు లాగతాండాయా?" అని అడిగాడు.

వెంకటేశులు అప్పటికే ముందుకు పోయాడు. చుట్టు తిరిగి వచ్చి, "లాగవా అన్నా?" అని చెప్పి మళ్ళీ పోయాడు. ఇక వాళ్ళ మాటలన్నీ చుట్టుకొకటి చొప్పున సాగాయి.

"అయితే దిగి సన్నీళ్ళలో కూసో."

ఒక చుట్టు.

"దిగితే ఆట పోతాది గదన్నా."

ఇంకో చుట్టు.

"అట్లయితే దిగొద్దు."

ఇంకో చుట్టు.

"దిగకుండా యాడ కూసునేది?" అని వెంకటేశులు అడుగుతూ వస్తుండగానే, ముంతెడు బావినీళ్ళు వచ్చి మోకాళ్ళ మీద పడ్డాయి. సైకిలు అటూ ఇటూ ఊగింది. జనం ఘొల్లుమన్నారు. వెంకటేశులు తిట్టబోయి, తిట్టు నోట్లోకి వచ్చేలోగా మోకాళ్ళలో మంట తగ్గినట్టనిపించి ఊరుకున్నాడు.

మైకు పెట్టిన వెంకటప్ప బతకనేర్చినవాడు. ఆ రోజు నుంచే, "ఇప్పుడు కాళ్ళకు వైద్యం జరగబోతాంది, అందరూ వచ్చి సూడండి" అని చాటడం మొదలుపెట్టాడు. సైకిలు చూడ్డానికి రానివాళ్ళు కూడా నీళ్ళు చూడ్డానికి వచ్చారు. చెంగల్రాయుడికి గురి మాత్రం అంతంతమాత్రం. ఒకసారి ముంత నీళ్ళు సైకిలు దాటిపోయి, అవతల తెల్లటి గంజిపంచెతో నిలబడిన కాంపౌండరు గంగులయ్య మీద పడ్డాయి. గంజి దిగిపోయిన పంచెను చేత్తో పట్టుకుని గంగులయ్య, "ఇది వైద్యమా? రక్తం గడ్డ కట్టి పోతాడు ఆ మనిషి" అన్నాడు.

"కడితే నీ కాడ మందుండాది గదా. నీకూ పనుండాల" అన్నాడు చెంగల్రాయుడు.

ఆ విధంగా పుంగనూరులో రెండు వైద్యాల మధ్య యుద్ధం మొదలైంది.

ఆఖరి రోజు సాయంత్రం దండ వేసి వెంకటేశులును సైకిలు మీంచి దించారు. దించీ దించగానే మోకాళ్ళు ముడుచుకుపోయాయి. ఇద్దరు మనుషులు సాయం పట్టగా, చెంగల్రాయుడు ఆయన్ని తీసుకుపోయి, మెడలో దండ మెడలో ఉండగానే తొట్టిలో దించేశాడు.

మొదట ఊపిరి ఆగింది. తర్వాత తొడల్లో సూదులతో గుచ్చినట్టయింది. లేవబోతే చెంగల్రాయుడి చెయ్యి భుజం మీద పడింది. ఆ సూదులు కూడా పోయాక తిమ్మిరి, తిమ్మిరి పోయాక చల్లటి హాయి. వారం రోజులుగా కాళ్ళలో గుయ్యిమంటున్న రొద ఏదో ఆగిపోయినట్టనిపించింది. నీళ్ళలో బంతిపూలు తేలుతుండగా, వెంకటేశులు కళ్ళు మూసుకుని పడుకున్నాడు. గట్టు మీద కూర్చుని చెంగల్రాయుడు ఎనుము కథ మొదటి నుంచి చెప్పాడు.

బయటికి తీసి తుడిచాక, చెంగల్రాయుడి భార్య పాపమ్మ పొగలు కక్కే రాగిసంగటి ముద్ద, పక్కన శెనక్కాయల ఊరిబిండి వేసుకుని పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది.

"ఇప్పుడే తినేసినా వదినా" అన్నాడు వెంకటేశులు.

"నువ్వు తిన్నావో లేదో ఈడ ఎవురూ అడగలేదు. సన్నీళ్ళలో కూసున్నోడు వేడి సంగటి తినకుంటే సలి ఎముకల్లోకి పోతాది. వైద్యం సగంలో ఆపితే కాళ్ళు పడిపోతాయి. తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు చెంగల్రాయుడు.

కాళ్ళు పడిపోతాయన్న మాటకు సైకిలు తొక్కి బతికేవాడు భయపడకుండా ఉంటాడా? వెంకటేశులు ఒక ముద్ద తిన్నాడు. ఎముకలు ఎక్కువ కాబట్టి ఒక ముద్ద చాలదని చెంగల్రాయుడు ఇంకోటి వేయించాడు. మరునాడు పొద్దున వెంకటేశులు ఎవరి సాయమూ లేకుండా బస్టాండుకు నడిచిపోయాడు. కుప్పంలో నిటారుగా నడుచుకుంటూ ఇంట్లోకి వస్తున్న మొగుణ్ణి చూసి గంగులమ్మ, "ఏమప్పా, ఆట మధ్యలో వదిలేసి వచ్చినావా?" అని అడిగింది.

అప్పటి నుంచి ఆయన చెంగల్రాయుడి శిష్యుడైపోయాడు. ఏ ఊరు పోయినా ఆట కాగానే తొట్టి వెతుక్కునేవాడు. తొట్టి దొరక్కపోతే వంక, వంక దొరక్కపోతే మోటబావి. తర్వాత ఎంత కష్టపడైనా వేడి సంగటి సంపాదించేవాడు. ఏటా ఒక్కసారైనా పుంగనూరు వచ్చి గురువు దగ్గర రెండు రోజులుండి పోయేవాడు.

అలా వచ్చినప్పుడే కదిరప్పతో పరిచయమైంది. కదిరప్ప పల్లెల నుంచి పట్టుగూళ్ళ మూటలు సైకిలు మీద కట్టుకుని మదనపల్లెకు తొక్కేవాడు. గూళ్ళు ఆలస్యమైతే లోపలి పురుగు సీతాకోకచిలకై తొలుచుకుని బయటికి వస్తుంది, ఇక ఆ గూడు పట్టుకు పనికిరాదు. అందుకని ఎండా వానా చూడకుండా తొక్కేవాడు. వచ్చేటప్పుడు తిన్నగా తొట్టిలోకి దిగేవాడు. దిగినంత సేపూ దాన్ని తిట్టేవాడు. "ఇది నీళ్ళా, తేళ్ళా?" "పోయిన జన్మలో నువ్వు కప్పవన్నా." "సచ్చినోళ్ళకు గూడా వేడినీళ్ళే పోస్తారు, నాకు ఈ గతి పట్టించినావు." ఇదీ అతని వరస. ఇంత తిట్టేవాడు ఎందుకొస్తాడో వెంకటేశులుకు అర్థం కాలేదు.

ఒకసారి గంగులయ్యకూ చెంగల్రాయుడికీ మాటా మాటా పెరిగి, పరీక్ష పెట్టుకున్నారు. కదిరప్ప ఒక కాలు తొట్టిలో, ఒక కాలు బయట పెట్టాలి. మరునాడు మదనపల్లెకు పోయి వచ్చాక ఏ కాలు బాగుందో చెప్పాలి. కదిరప్ప తొట్టి గట్టు మీద గుర్రం ఎక్కినట్టు కూర్చున్నాడు. నీళ్ళలోని కాలును చెంగల్రాయుడు, బయటి కాలును గంగులయ్య కాపలా కాశారు. పైగా ఒకరి కాలు మీద ఒకరి నీడ పడకూడదని కూడా తగాదా పడ్డారు.

మరునాడు మధ్యాహ్నం కదిరప్ప వచ్చేసరికి ఇద్దరూ రోడ్డు మీదే నిలబడి ఉన్నారు.

"నీళ్ళలో పెట్టిన కాలు బాగుండాది" అన్నాడు కదిరప్ప సైకిలు దిగి.

చెంగల్రాయుడు మఫ్లరు సర్దుకున్నాడు.

"బయటుండే కాలు గూడా బాగుండాది."

గంగులయ్య పంచె సర్దుకున్నాడు.

"నడుమే పోయింది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని అంతసేపు కూసుంటే నడుము ఏమైపోతాదో మీ ఇద్దర్లో ఒక్కడికీ తట్టలేదు."

గంగులయ్య పంచె ఎగ్గట్టుకుని వెళ్ళిపోయాడు. చెంగల్రాయుడు మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, "అయితే నడుము గూడా ముంచుదాం, రా" అన్నాడు.

కొన్నేళ్ళకు బావినీళ్ళ చల్లదనం ఆయనకు చాలలేదు. మదనపల్లెలో ఐసు ఫ్యాక్టరీ ఉందని తెలిసినప్పటి నుంచీ మనసు అక్కడే ఉంది. వెంకటేశులు ఒక వేసవిలో మదనపల్లెలో ఆట ముగించుకునేసరికి, చెంగల్రాయుడు గోనెసంచిలో రంపపుపొట్టు పోసి, మధ్యలో పెద్ద ఐసుగడ్డ పెట్టి కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని పుంగనూరు బస్సు టాపు మీదకు ఎక్కించారు.

ఊరు దాటగానే కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మ చెయ్యి బయట పెట్టి, "వానొచ్చిందప్పా" అంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. పక్క కిటికీవాళ్ళు కూడా చేతులు పెట్టారు. అవును, పడుతోంది. కండక్టరు బస్సు ఆపించి టాపు ఎక్కి చూసి దిగాడు.

"ఆ సంచి ఎవురిది?"

"నాదే" అన్నాడు చెంగల్రాయుడు.

"ఏముండాది అందులో?"

"మందు."

"నీ మందు కారతాంది."

కారుతున్న మందును దించేయమని కండక్టరు పట్టుబట్టాడు. కానీ అప్పటికే ప్రయాణికులందరూ దాని పక్షం చేరిపోయారు. ఆ ఎండలో చల్లటి చుక్కలు పడుతుంటే ఎవరు వద్దంటారు? ముసలమ్మ తన కిటికీ వదలనని కూర్చుంది. నిలబడ్డవాళ్ళు వంతులు వేసుకుని కిటికీల దగ్గర తల పెట్టారు. బస్సు పుంగనూరు చేరేసరికి అందరి మొహాలూ కళకళలాడుతున్నాయి. సంచి విప్పితే కొబ్బరికాయంత గడ్డ మిగిలింది.

చెంగల్రాయుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని, దేవుణ్ణి దించినట్టు తొట్టిలో దించాడు. అప్పటికే తొట్టి దగ్గరున్న కదిరప్ప నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఇంత దూరం దీన్ని మోసుకొచ్చిన కాళ్ళు నీయి. నువ్వే కూసో అన్నా ఈ తూరి."

"నాకు కాళ్ళు లాగడం లేదు."

"లేదనేటోడికి రోగం ముదిరినట్టని నువ్వే అంటావు గదా."

చెంగల్రాయుడికి ఉన్నట్టుండి ఒక చక్రం పుల్లలు బిగించాల్సిన పని గుర్తొచ్చింది.

తర్వాత వానలు పోయాయి. ఎనభైల మొదట్లో వరసగా ఏళ్ళు ఎండిపోయాయి. మల్బరీ తోటలు కట్టెలయ్యాయి. ఆకు లేకపోతే పురుగు లేదు, పురుగు లేకపోతే గూడు లేదు. గూళ్ళు మోసే సైకిళ్ళు బొగ్గులు, కంపకట్టెలు, ఏది దొరికితే అది మోశాయి. వెంకటేశులు ఆటలకు కూడా జనం తగ్గిపోయారు. వచ్చినవాళ్ళు చేతులు కట్టుకుని చూసి పోయేవాళ్ళు. అయినా తొక్కడం తప్ప మరో పని తెలియక తొక్కుతూనే ఉన్నాడు.

చెంగల్రాయుడి అంగట్లో బాడుగ సైకిళ్ళు కదిలేవి కావు. తొట్టికి మాత్రం తీరిక లేదు. బావి అడుగుకు పోయినా ఆయన తోడుతూనే ఉండేవాడు. దూరాలు తొక్కి వచ్చినవాళ్ళు సరే, బస్టాండు దాకా పోయి వచ్చినవాళ్ళకు కూడా కాళ్ళు లాగడం మొదలైంది. చెంగల్రాయుడు ఎవరినీ కాదనలేదు. "నీకు లోపల్లోపల లాగతాండాది, దిగు" అనేవాడు. పాపమ్మ సంగటికుండ పెద్దదైంది. తర్వాత ముద్ద చిన్నదైంది. కుండ మాత్రం పొయ్యి దిగలేదు.

ఆ రోజుల్లోనే ఒక చలికాలం పొద్దున, వెంకటేశులు మొదటి బస్సుకు వచ్చి నేరుగా చెంగల్రాయుడి ఇంటికి పోయాడు. పెరట్లో పాపమ్మ కాగు కింద కంప ఎగదోస్తోంది. నీళ్ళు తుకతుక ఉడుకుతున్నాయి.

"ఎవురికొదినా ఈ నీళ్ళు? ఇంట్లో బాలింత ఉండాదా?"

"మీ అన్నకే" అంది పాపమ్మ.

వెంకటేశులు కాగులోకి చూశాడు. పాపమ్మ మొహం చూశాడు. "అన్న వేన్నీళ్ళు పోసుకుంటాడా?"

"పొగ రాకుంటే చెంబు ముట్టడు నాయనా. పెండ్లైనప్పటి నుంచీ సూస్తాండా. సన్నీళ్ళు మొగాన సల్లుకున్నా తుమ్ములు పట్టుకుంటాయి. ఆ మఫ్లరు యాల అనుకున్నావు? అడిగితే, మందిచ్చేటోడు మందు మింగుతాడా అంటాడు."

వెంకటేశులు పెరటి గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇన్నేళ్ళుగా ఒక్కసారి కూడా తొట్టిలో దిగని మనిషి మాట పట్టుకుని తను వంకలూ బావులూ పట్టి తిరిగాడు. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంటూ, "పోనీ, ఆ ఎముకల సంగతైనా నిజమేనా? అదీ పుక్కిటి పురాణమేనా?" అని మాటవరసకు అడిగాడు.

 పాపమ్మ వీధి వైపు ఒకసారి చూసి, కంప లోపలికి తోసింది.

"సన్నీళ్ళు అబద్ధం కాదు నాయనా. కాళ్ళకు బాగుంటాదని మీరే అంటారు గదా. ఆయన గూడా నమ్మినాడు. సంగటి మాత్రం మొదట్లో లేదు. నువ్వు రాకముందు మాట. కదిరప్ప ఒక దినం మదనపల్లె నుంచి తొక్కొచ్చినాడు. 'తిన్నావా?' అని అడిగినాడు మీ అన్న. 'తిన్నా' అన్నాడు వాడు. దిగమన్నాడు. దిగినోడు దిగినట్టే జారిపోయినాడు. ఈయన బయటికి లాగి, నా సన్నీళ్ళు మనిషిని సంపేసినాయని తల కొట్టుకుంటాండాడు. నేను అంబలి తెచ్చి నోట్లో పోసినా. కళ్ళు తెరిచినాడు. తెరిచి ముంత లాక్కుని, దించకుండా తాగినాడు."

"ఆకలా?"

"ఆకలే. ఎన్నాళ్ళదో వాడికే తెలియాల. వాడు పోయినాక ఈయన ఆ గట్టు మీద కూసుని, 'తప్పు నాదే పాపమ్మా. తిన్నావా అని అడిగితే ఎవుడైనా తిన్నాననే అంటాడు. ఇంక ఎవుర్నీ అడగకూడదు' అన్నాడు. తెల్లారి తొట్టిలో దిగినోళ్ళందరికీ సలి ఎముకల్లోకి పోతాదని సెప్పినాడు. ఇది యాడ సదివినావు అని అడిగినా. సదవలేదు, ఇప్పుడే కనిపెట్టినా అన్నాడు."

 మొదటి ఏడు, దండతో తొట్టిలోంచి లేచిన సాయంత్రం వెంకటేశులుకు కళ్ళకు కట్టింది. చొక్కాకు గుచ్చిన నోట్లన్నీ పిల్లలకని మూట కట్టి పెట్టుకుని, పొద్దుటి నుంచి సోడా నీళ్ళతో గడిపిన రోజు అది. "ఇప్పుడే తినేసినా వదినా" అని ఎంత గట్టిగా చెప్పాడు తను. నువ్వు తిన్నావో లేదో ఎవరూ అడగలేదని ఆయన కసురుకుంటే, ఎంత మొరటు మనిషి అనుకున్నాడు. ఆ రెండో ముద్ద ఎముకలు ఎక్కువని కాదన్నమాట.

ఇంకో సంగతి కూడా తట్టింది. ఎముకల సూత్రాన్ని తను ఎన్ని ఊళ్ళలో చాటలేదు? కుప్పంలో స్టేషను దగ్గర మూటలు మోసేవాళ్ళు తన పెరటి బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటే, సంగటి తినకుండా పోతే కాళ్ళు పడిపోతాయని పట్టుకుని కూర్చోబెట్టేవాడు. గంగులమ్మ రాగిపిండి తరిగిపోతోందని గొణిగినా, ఇది వైద్యమని దబాయించేవాడు. చెంగల్రాయుడు ఆడిన అబద్ధం తన సైకిలెక్కి కుప్పం దాకా పోయి ఎంతమంది కడుపులు నింపిందో. వెంకటేశులు గోడ దగ్గర నుంచి కదిలాడు. "వదినా, ఆ నీళ్ళు నేను తోడి పెడతా" అని వేడినీళ్ళ బకెట్టు తనే ఎత్తి, స్నానం చేసే జాలాట్లో పెట్టి వచ్చాడు.

మధ్యాహ్నం తొట్టి దగ్గర కదిరప్ప ఒక్కడే దొరికాడు. నీళ్ళలో కూర్చుని ఎవరూ వినకపోయినా తిడుతున్నాడు.

"కదిరప్పా, ఆ ఎముకల సంగతి..." అని మొదలుపెట్టాడు వెంకటేశులు, ఎలా చెప్పాలో తెలియక.

"తెలుసు" అన్నాడు కదిరప్ప.

"ఏం తెలుసు?"

"పుట్టినప్పటి నుంచీ కుంటలో మునకలేస్తాండా. నా ఎముకల్లోకి సలి ఎప్పుడు పోయిందప్పా? ఆయన ఆ మాట అన్న దినమే తెలుసు."

"మరి ఇన్నేళ్ళూ సెప్పలేదే?"

"సెప్తే ఆయనకు సిగ్గయితాది. ఆయనకు సిగ్గయితే మాకు సంగటి పోతాది" అని కదిరప్ప దోసెడు నీళ్ళు మొహాన కొట్టుకున్నాడు. కొంచెం సేపటికి గొంతు తగ్గించి, "దినామూ తిడతా గదా ఆయన్ని. యాల అనుకున్నావు? తిట్టకుంటే దండం పెట్టల్సి వస్తాది" అన్నాడు.

ఆ మరుసటి ఏడు వాన దయ తలచింది. చెరువులు నిండకపోయినా, చేలల్లో రాగులు మాత్రం గంపలకెత్తాయి. కోతలు కాగానే ఒక రోజు కదిరప్ప గూళ్ళ మూటకు బదులు రాగుల మూట కట్టుకుని వచ్చి, చెంగల్రాయుడి ఇంటి నడవలో దింపాడు.

"ఏందిది?" అన్నాడు చెంగల్రాయుడు.

"మా ఇంట్లో ఎలుకలు పడినాయి. ఎలుకలు పోయేదాకా ఈడ పెట్టుకో."

"ఎప్పుడు పోతాయి?"

"ఎలుకల్ని అడిగి సెప్తా."

రెండో రోజు ఇంకో సైకిలు వచ్చింది. ఆ ఇంట్లోనూ ఎలుకలే. మూడోవాడి ఇంటికి చెదలు పట్టాయట. నాలుగోవాడు కారణమేదీ దొరక్క, మూట దించి, "ఇది నాది కాదు" అని చెప్పి పరుగెత్తాడు. గంగులయ్య కాంపౌండరు కూడా మనిషి చేత ఒక బస్తా పంపించాడు. గంజిపంచెకు తానేమీ కోపం పెట్టుకోలేదనీ, అయినా చన్నీళ్ళ వైద్యం మాత్రం ఒప్పుకోననీ కబురు చేశాడు.

వెంకటేశులు కుప్పం నుంచి సైకిలు మీదే బయలుదేరాడు. వెనక క్యారియరు మీద అత్తగారి చేలో పండిన రాగులు. కట్టింది గంగులమ్మే, అదీ మూతి దాకా కూరి మరీ కట్టింది. వీ.కోట, పలమనేరు మీదుగా మిట్టలెక్కుతూ దిగుతూ పుంగనూరు చేరేసరికి, ఏ ఆటలోనూ లేనంతగా కాళ్ళు పీకుతున్నాయి.

"ఇంత బరువు కట్టుకుని యాడికి పోతాండావు?" అన్నాడు చెంగల్రాయుడు అంగట్లోంచి లేస్తూ.

"ప్రాక్టీసన్నా. బరువుతో తొక్కితే తొడలు గట్టిపడతాయంట. ప్రాక్టీసు అయిపోయింది. తిరిగి ఈ బరువు మొయ్యలేను, ఈడే పెట్టుకో."

చెంగల్రాయుడు ఆయన్ని కింద నుంచి పైదాకా చూశాడు. "కాళ్ళు లాగతాండాయా?"

"లాగతాండాయన్నా" అని వెంకటేశులు మనస్ఫూర్తిగా చెప్పి, తనంతట తనే తొట్టిలో దిగాడు. ఊపిరి ఆగి మళ్ళీ వచ్చింది. తొడల్లో సూదులు గుచ్చి, మెల్లగా వదిలాయి. ఆయన గట్టుకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఈ నీళ్ళ దగ్గర తన కాళ్ళకూ కడుపుకూ జరిగిన మేలు ఒక రాగుల మూటతో తీరేది కాదని తెలుసు. తీరకపోవడమే బాగున్నట్టనిపించింది.

చెంగల్రాయుడు మూటను పక్కనే ఉన్న ఇంటి నడవలోకి ఈడ్చాడు. లోపల కూర్చోవడానికి చోటు లేదు. మూటల మధ్య నిలబడి ఆయన భార్యను పిలిచాడు. ఆ మాటలు తొట్టిలోకి స్పష్టంగా వినబడ్డాయి.

"ఏం పాపమ్మా, ఈ ఏడు ఊరంతా ఎలుకలు పడినట్టుండాదే?"

"పడినాయంట."

"మనింట్లో లేవా?"

"యాల లేవు? అటక మీద దినామూ పెండ్లి సేస్తాండాయి. వాళ్ళకు సెప్పమంటావా?"

 చెంగల్రాయుడు మఫ్లరు అంచుతో ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది.

"సెప్పొద్దులే. పాపం, నమ్మి పెట్టిపోయినారు" అన్నాడు.